రెండంగుళాలు తక్కువ

ఈ ఉదయం మా పాత బట్టలుతికే మిషనుకు ఇనుప స్టాండు చేయడానికి వెల్డరు వచ్చాడు. ఇరవై మూడేళ్ల మిషను. దాని తలుపు నా మోకాలి ఎత్తులో ఉంటుంది, డాక్టరమ్మేమో నన్ను వంగవద్దంది. ఏడున్నరకు వస్తానన్నవాడు తొమ్మిదీ పదికి వచ్చాడు. ఆలోగా నేను వీధి గుమ్మానికీ పెరటికీ పదకొండుసార్లు తిరిగాను. అతను టేపు తీశాక కూడా నా కాళ్లు నిలవలేదు. "మామ్మగారూ, కూసింత కుదురుగా నిలబడండి. మీరు కదిల్తే టేపు జారిపోతంది," అని విసుక్కున్నాడు. నా మోచేతి ఎత్తు కొలుస్తుంటే, ఒకప్పుడు నేను తీసిన తప్పు కొలత గుర్తొచ్చి నిలకడ పోయింది.

పెళ్లయిన కొత్తలో నేను పాత పట్నంలో ఒక లాండ్రీలో లెక్కలు రాసేదాన్ని. హార్బరుకు వచ్చే ఓడల దుప్పట్లు, దిండు గలీబులు మా దగ్గరే ఉతికేవాళ్లు. అవి వేళకు జెట్టీకి చేరాలి, ఓడ మనకోసం ఆగదు. ఉన్నవి మూడు విదేశీ మిషన్లు, అప్పటికే ముసలివి. గుండ్రటి తలుపులు నేలకు జానెడు ఎత్తులో ఉండేవి. వాటిలోంచి తడి దుప్పట్లు లాగే పని మా పెద్దాడపడుచుది. భర్త పోయాక కంచరపాలెంలో మాతోనే ఉండేది, కానీ తన తిండి తన కష్టంతోనే తినాలన్నది ఆవిడ పంతం. ఒక చలికాలం ఆవిడ నడుము పట్టేసింది. మేమంతా భాయిగారని పిలిచే యజమాని చెడ్డవాడు కాదు. "ఇంట్లో రెస్టు తీసుకోమనమ్మా, సోమవారం నుంచి వేరే ఆమె వస్తుంది," అన్నారు. ఆ రెస్టుకు ముగింపు ఉండదని ఆయనకీ నాకూ తెలుసు. "నాను ఇంటికాడ కూకుని ఏటి సెయ్యాలి? నీలాగ గోడ మీద బల్లుల్ని లెక్కెట్టాలా?" అని, ఆ మాట చెప్పగానే వదిన నా మీద విరుచుకుపడింది.

వదిన పట్టేసిన నడుముతోనే పనిలోకి వచ్చిన ఆ శనివారం, పొద్దుటినుంచీ నేను నిజంగానే గోడ మీద లెక్కపెట్టాను, బల్లుల్ని కాదు. వదిన వంగినప్పుడల్లా సుద్దముక్కతో ఒక గీత. సాయంత్రానికి ఆరువందల పన్నెండు. భాయిగారు నమ్మలేదు. "లెక్కలో ఏదో గడ్‌బడ్ ఉందమ్మా," అని లాల్చీ చేతులు మడిచి తనే దుప్పట్లు లాగడం మొదలుపెట్టారు. ఇరవై ఆరోసారికి మిషను పట్టుకుని నిలబడిపోయారు. ఆయనవీ పక్కనే విడిగా గీశాను. "అవి చెరిపెయ్ తల్లీ. మిషన్లే పైకి లేపిద్దాం," అన్నారు.

ఆదివారమే మిషన్ల కింద వేయడానికి పాత రైలు పట్టాల దుంగలు, స్లీపర్లు, వచ్చాయి. ఎంత ఎత్తన్నది నా బాధ్యత. వదినను గోడకు నిలబెట్టి నేలనుంచి మోచేతికి మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ ఒకటే వచ్చింది. సోమవారం ఆవిడే పనిలోకి వెళ్లింది, వంగకుండా దుప్పట్లు లాగింది. నేను చాలా గర్వపడ్డాను. మూడు నెలలయ్యేసరికి మళ్లీ భుజం దించి లాగుతోంది. స్లీపర్లు కుంగాయేమోనని కొలిస్తే వెంట్రుకవాసి తేడా లేదు. అప్పుడు వదినను కొలిచాను. మోచెయ్యి రెండంగుళాలు పైకి పోయింది! నేను మొదట కొలిచిన రోజు ఆవిడ నొప్పితో కుంగిపోయి నిలబడి ఉంది. వంగడం తప్పాక నడుము తిన్నబడింది.

"ఏటే మరదలా, మూడుసార్లు కొలిసేవు గదా, నన్ను కొలిసేవా, నా నొప్పిని కొలిసేవా?" అని పడీ పడీ నవ్వింది. నవ్వు ఆగాక మాత్రం, "నాను మళ్లీ తిన్నగా నిలబడతానని నువ్వూ అనుకోలేదన్నమాట," అంది. స్లీపర్ల మీద రెండంగుళాల పలక దూర్పించాం. ఆవిడ మరో పద్నాలుగేళ్లు అక్కడే పనిచేసింది.

వెల్డరు కొలత రాసుకుని, "మామ్మగారూ, ఏమనుకోకండి. ఈ వయసులో తగ్గుతారు గానీ పెరగరు గదా. ఓ అంగుళం తగ్గించీమంటారా?" అన్నాడు. లెక్క ప్రకారం అతను చెప్పిందే సరి. పెరట్లోకి ఒకసారి వెళ్లొచ్చి, "రెండు కలుపు," అన్నాను. గడిచిన కాలానికి నా దగ్గర పక్కా లెక్క ఉంది. రాబోయే కాలానికి మాత్రం రెండంగుళాల జాగా వదలడం మా వదిన నేర్పింది.