సీలు విప్పని పెన్‌డ్రైవ్

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లి టీ పెట్టుకునే రకం నేను. కంప్యూటర్లతో పని చేసేదాన్ని. యంత్రం మనం చెప్పిందే చేస్తుంది, పొరపాటంటూ జరిగితే అది మనదే అని కొత్తవాళ్లకు పాఠాలు కూడా చెప్పేదాన్ని. ఈమధ్య ఆ పాఠం చెప్పేటప్పుడు కాస్త గొంతు తగ్గిస్తున్నాను.

మా చిన్నాన్న రేవులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీ ఊరికి వచ్చి స్థిరపడిన మావాళ్ల పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. కనీసం వింటారు కదా అని, ఆయన భవానీపూర్ ఇంట్లో ఒక పాత కంప్యూటర్ మీద సొంతంగా వెబ్‌సైట్ నడిపారు. పెద్దవాళ్ల కబుర్లు, ఊడుపు పాటలు, పెళ్లి పాటలు రికార్డు చేసి అందులో పెట్టేవారు. సెలవు రోజుల్లో మైకు పట్టుకుని ఆయన వెనకే తిరిగేదాన్ని. మధ్యలో గల్లీలోంచి రిక్షా గంట వినపడిందంటే పాట మళ్లీ మొదటినుంచి పాడించేవారు. పాడే అత్తలు తిట్టిపోసేవాళ్లు. ఆ మధ్యాహ్నాలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండుతుంది.

అందరి గొంతులూ దాచిన మనిషి తన గొంతు దాచుకోలేదు. మైకు పరీక్షిస్తూ మాట్లాడిన నలభై సెకన్ల ముక్క ఒక్కటే మిగిలింది. ఆయన పోయాక పిన్ని రోజూ అదే పెట్టుకుని వినేది.

నిరుడు పిన్ని బడ్జ్ బడ్జ్‌లో కూతురి దగ్గరికి మారుతుంటే ఆ కంప్యూటర్ తీసేయాల్సి వచ్చింది. ఒక్కొక్కటీ చేత్తో చేసే ఓపిక లేక చిన్న ప్రోగ్రాం రాశాను. అది ముందు మొత్తం కాపీ తీసి, సరిచూసి, ఆ తర్వాత సైట్‌ని ఆనవాలు లేకుండా తుడిచేయాలి. మధ్యాహ్నం మూడింటికి మీట నొక్కాను. అంతా చెప్పినట్టే చేసింది. కాకపోతే కాపీని ఆ సైట్ ఫోల్డర్‌లోనే పెట్టమన్నాను నేను. సైట్‌తో పాటు అదీ పోయింది.

ఇంతలో పిన్ని వంటింట్లోంచి వచ్చి, "ఏటమ్మా, అయిపోనాదా? ఓపాలి మీ చిన్నాన్న మాట ఇనిపించు" అంది.

తుడిచినవి వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుందామని, పొద్దున మెట్రో దగ్గర కొన్న పెన్‌డ్రైవ్ బ్యాగులోంచి తీశాను. దాని సీలు ఇంకా విప్పలేదు. కత్తెర పిన్నే తెచ్చిచ్చింది.

నా ల్యాప్‌టాప్‌కి పెట్టి చూస్తే అందులో రికార్డింగులన్నీ ఉన్నాయి. నా ప్రోగ్రాం అయితే అన్నిటినీ ఒకే మూటగా కట్టాలి. ఇవి మాత్రం మనిషికో ఫోల్డర్‌గా, మీద వాళ్ల ఊరి పేరుతో ఉన్నాయి. అది చిన్నాన్న పద్ధతి. కాపీ అయిన టైము మూడు గంటల రెండు నిమిషాలు. అప్పుడు పెన్‌డ్రైవ్ నా బ్యాగులో, కవరులో ఉంది.

షాపువాడు పాతది అంటగట్టి ఉంటాడని ఆఫీసులో ఒకతను అన్నాడు. ఎంత పాతదైనా అందులోకి మా అత్తల పాటలు ఎలా వస్తాయి?

పిన్నికి ఇవేమీ చెప్పలేదు. నలభై సెకన్ల ముక్క పెట్టాను.

"ఓలే, ఇనిపిస్తందేటి?" అన్నారు చిన్నాన్న.

"ఇనిపిస్తంది, సెప్పండి" అంది పిన్ని.

అదెలా జరిగిందో నాకిప్పటికీ తెలియదు. ఊళ్లో అందరి ఫైళ్లకూ కాపీలు తీసిపెట్టడం నా ఉద్యోగం. ఆ పెన్‌డ్రైవ్‌కి మాత్రం ఇంతవరకు కాపీ తీయలేదు. తీయబోతే ఏమీ ఉండదేమోనని భయం.