ఉప్మా తిన్న ఉపవాసం

ఇవాళ పొద్దున వంటగదిలో మందుపొడిని నీళ్ళలో కలుపుతుంటే ఉప్పూ నిమ్మా కలిసిన వాసన గుప్పున వచ్చింది. నా పెద్దపేగు పరీక్షకు నేనే కలుపుకుంటున్న మందు. ఎవరికైనా వికారం పుట్టించే ఆ వాసనకు నాకు నవ్వొచ్చింది, ఒళ్ళంతా హుషారెక్కింది. కాత్యాయని టీచరుగారు నరసరావుపేటలో మా వీధిని దద్దరిల్లజేస్తూ నడిచిన ఉదయం కళ్ళముందుకొచ్చింది.

ఆవిడ హైస్కూల్లో మాకు సైన్సు చెప్పారు. రిటైరయ్యాక ఆదివారాలు తన వరండాలో చర్చలు పెట్టేవారు. జాతకం, వాస్తు, దిష్టి, దేన్నీ వదిలేవారు కాదు. "నమ్ముతున్నానని చెప్పకు, ఎందుకు నమ్ముతున్నావో చెప్పు" అని నన్ను నిలబెట్టి అడిగిన మొదటి మనిషి ఆవిడే. అలాంటి ఆవిడకు మలంలో రక్తం పడింది. వేడి చేసిందిలే, మజ్జిగ తాగమంది వీధంతా. ఆవిడ అక్కగారు అలాంటి మాటే నమ్మి పేగు క్యాన్సర్‌తో పోయారు. అందుకని టీచరుగారు నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళారు. కెమెరా గొట్టం పంపి పేగు లోపల చూడాలన్నారాయన.

మొదటి పరీక్ష సగంలోనే ఆగిపోయింది. "లోపల శుభ్రంగా లేదు, ఏమీ కనపడటం లేదు. ఏం తిన్నారు?" అని అడిగారు డాక్టరు. "ఉప్మా" అన్నారు టీచరుగారు. జరిగిందేమిటంటే, పరీక్షకు ముందు ఏమీ తినకూడదనగానే పక్కింటి కిరాణా కొట్టు శేషమ్మత్తయ్య దాన్ని ఉపవాసం కింద జమకట్టింది. మన ఉపవాసాల్లో అన్నానికే కదా నిషేధం! ఉప్మా, పాలు, పళ్ళు అన్నీ చెల్లుతాయి. గిన్నెనిండా ఉప్మా, పైన జామకాయలు తెచ్చిపెట్టింది. టీచరుగారు కూడా అలవాటుగా తినేశారు. ఆటోలో ఇంటికొస్తూ తన మీద తానే మండిపడ్డారు.

"బతుకంతా ఉపవాసాల మీద ఉపన్యాసాలిచ్చానే! నా నాలుక్కి మాత్రం ఉపవాసమంటే ఉప్మానే! దేవుడు మోసపోతాడేమోగానీ పేగు మోసపోదు."

రెండోసారి డాక్టరు మాట అక్షరం దాటలేదు. విరేచనాల మందు తాగాక పడుకోకుండా నడవమన్నారు, నడిస్తే పేగులు బాగా ఖాళీ అవుతాయని. తెల్లారగానే గ్లాసు తాగి, నా చెయ్యి పట్టుకుని వీధిలోకి దిగారు. శేషమ్మత్తయ్య గుమ్మంలో నిలబడి బుగ్గ నొక్కుకుంది.

"ఏంది పంతులమ్మా ఇది? విరేచనాలయ్యే మనిషి పడుకోవాలిగానీ ఈదులెంట తిరిగిద్దా? కాసిని పాలన్నా తాగు."

"పాలొద్దు, నీ ఉప్మా అసలే వద్దు. పోయినసారి నీ వంటకి కెమెరా గుడ్డిదైంది!"

"పస్తున్న మనిషికి పెడితే పుణ్యమనుకున్నాగా!"

"పుణ్యం నీకు, గొట్టం నాకా?"

మలుపు దాకా వెళ్ళామో లేదో ఆవిడ ముఖం మారింది. కుచ్చెళ్ళు ఎత్తిపట్టి, అరుస్తూ వెనక్కి ఉరికారు. "తప్పుకోండర్రా, మాచర్ల ఎక్స్‌ప్రెస్సు వస్తంది!" వీధంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. కానీ అంతదాకా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. ఈసారీ ఏమీ కనపడకపోతే? కనపడితే?

తిరిగొచ్చాక అడిగాను, "భయంగా ఉందా టీచర్?"

"చానా ఉందే. తెలియకుండా భయపడేకంటే తెలుసుకునే భయపడతా. పద, నడువు."

మధ్యాహ్నం డాక్టరు బయటికొచ్చి, పేగు అద్దంలా ఉందన్నారు. దాని గోడ మీద చిన్న కండ పెరుగుతోందట, అక్కడికక్కడే తీసేశారు. పరీక్షకు పంపితే, వారానికి వచ్చిన రిపోర్టులో అది ఇంకా క్యాన్సర్‌గా మారలేదని తేలింది. వదిలేస్తే మారే రకమేనన్నారు. నేను ఆసుపత్రి వరండాలోనే చప్పట్లు కొట్టాను. నర్సు కసిరింది.

ఆ ఆదివారం చర్చకు టీచరుగారు పెట్టిన విషయం: దొడ్డికెళ్ళే సంగతి మాట్లాడటానికి సిగ్గెందుకు? మగవాళ్ళు నేలచూపులు చూశారు. రక్తం, మందు, నడక, పరుగు, అన్నీ విడమరిచి చెప్పారావిడ. చెప్పడం ముగిశాక శేషమ్మత్తయ్య నెమ్మదిగా లేచింది.

"పంతులమ్మా, నాకూ పడతంది నెత్తురు. చానాళ్ళయింది. మా ఆయనకి కూడా చెప్పలా."

ఎవరూ నవ్వలేదు. టీచరుగారు వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నారు. "రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి పోదాం. నడవమన్న రోజున నీతో నేను నడుస్తా."

టీచరుగారు ఇప్పుడు లేరు. మూఢత్వం మీద నేను రాసిన వ్యాసాలు, చేసిన తగవులు ఎవరిని మార్చాయో నాకు తెలియదు. ఏ ఆడమనిషైనా నా చెవి దగ్గర గొంతు తగ్గించి "అక్కడేదో ఇబ్బంది" అంటే మాత్రం, ఆ ఇబ్బందిని దాని పేరుతోనే అడుగుతాను. జవాబు వినగానే, ఆమెతో డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి చెప్పులు తొడుక్కుంటాను.