బాణం అడ్డంగా లేదని సున్నా

గీత చూసి కాక, కోణం చూసి మార్కులేస్తారనుకోవడం నా తెలివితక్కువతనమే. టెక్కలిలో డిప్లమో చదివేటప్పుడు పరీక్షలో ఫేజర్ బొమ్మ అడిగారు. ఏసీ సర్క్యూట్లో కరెంటు ఓల్టేజీ కంటే ఎంత వెనకబడిందో తమ మధ్య కోణంతో చూపే, కలిసి తిరిగే రెండు బాణాలవి. ఓల్టేజీ బాణాన్ని అడ్డంగా గీయడం ఆనవాయితీ. పేజీలో చోటు చాలక బొమ్మంతా నిలువుగా తిప్పి గీశాను. లెక్చరర్ సున్నా చుట్టారు.

"ఏట్రా ఇది? ఓల్టేజీని నిలబెట్టేసినావేటి?"

"కోణం మారలేదు కదండీ సార్!"

"బొమ్మ కాదురా, నీ బుర్ర తిరిగింది."

తిరిగే బాణాలకి అడ్డమేమిటి, నిలువేమిటి? ఆ సున్నాతో సబ్జెక్టు పోయింది. ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తర్వాత ల్యాబ్ రికార్డులో ఒక్కో బొమ్మనీ ఒక్కో వైపు వాల్చి గీశాను. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ కోణాలన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు. మా లెక్చరర్ సారు పేజీపేజీకీ మెడ ఒక్కో వైపు వంచి చూసుకుంటూ సంతకాలు పెట్టారు.