నూకరత్నానికి వేసిన సున్నాలు

ప్రసన్నకుమారి రాజమండ్రిలో ఒక మహిళా కాలేజీలో హోంసైన్సు లెక్చరర్. పసిపిల్లలు ఒకరితో ఒకరు ఎలా కలుస్తారు, ఎలా అలుగుతారు, ఏడ్చేవాళ్ళని ఎలా ఊరుకోబెడతారు అన్నదే ఆమె పీహెచ్‌డీ. 1978లో పెద్దాపురం చుట్టుపక్కల ఆరు బాల్వాడీలు ఎంచుకుని, శనివారాలూ సెలవులూ అక్కడే గడిపేది. చేతిలో ఇంగ్లీషు ఫారం. అందులో "తనంతట తాను ఆటలో చేరుతుందా?" వంటి ముప్పై ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు.

రెండో ఏడు చేరిన ఐదేళ్ళ నూకరత్నానికి ఎనిమిది వారాలు వరసగా సున్నాలే పడ్డాయి. తమ్ముణ్ణి చంకనేసుకుని గోడవారన నిలబడేది తప్ప ఆటలోకి రాదు. "కలుపుగోలుతనం లేదు, డాక్టరుకి చూపించాలి" అని ప్రసన్నకుమారి రాసింది. బాల్వాడీ టీచరు జగదాంబతోనూ ఆ మాటే అంది.

ఆగస్టులో ఒకరోజు ఆ చంటివాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, రాసుకోవడం సాగక ప్రసన్నకుమారి వాణ్ణి తన ఒళ్ళోకి తీసుకుంది. మరుక్షణం నూకరత్నం పరుగెత్తి తొక్కుడుబిళ్ళలో దూరింది. గీత తొక్కావంటే తొక్కలేదని జుట్లు పట్టుకున్న ఇద్దరినీ విడదీసి, "మళ్ళీ ఆడండే, ఇద్దరూనూ" అంది. ఓడిన పిల్ల ముక్కు తన గౌనుతోనే తుడిచింది.

ప్రసన్నకుమారి ఫారం మళ్ళీ మొదటినుంచీ చూసింది. పిల్ల చంకలో ఇంకో చంటిబిడ్డ ఉందని రాయడానికి ఆ ఫారంలో చోటే లేదు. టీచర్లని అడిగి చూసుకుంటే, ఆరు బాల్వాడీల్లోని నూట ఇరవై మందిలో నలభై ఒక్కరు అలా వచ్చేవాళ్ళే. ఏడాదిన్నర పని వృథా!

వారం పాటు ఆమెకు అన్నం సహించలేదు. గైడు జగన్నాథరావు గారికి కాగితాలు విసిరికొడతారని పేరు. అయినా సామర్లకోటలో రైలెక్కి వాల్తేరు వెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ ఫారం మీకిచ్చింది నేనే కదండీ? నేనెప్పుడూ బాల్వాడీలో కూర్చోలేదమ్మా. పాతవి కొట్టెయ్యకండి. పిల్లని ఎత్తుకున్నప్పుడు ఒకసారి, దించాక ఒకసారి మళ్ళీ చూడండి. ఇంకో ఏడాది గడువుకి నేను రాస్తాను. దీనికేనా ముఖం అలా వేలాడేశారు? కాఫీ తాగారా?"

తిరుగు రైల్లో, తునిలో కొన్న ఇడ్లీలు రెండు పొట్లాలు తిని, సామర్లకోట వచ్చేదాకా నిద్రపోయింది.

మర్నాడే నూకరత్నం ఇంటికి వెళ్ళింది. తల్లి వీరవేణి ఊడ్పుల నుంచి అప్పుడే వచ్చింది, కాళ్ళకింకా బురద. ప్రసన్నకుమారిని చూడగానే ఆమె మొహం పాలిపోయింది.

"మా పిల్లకి బుర్ర తక్కువని రాశారంట కదండీ. రేపు బళ్ళో చేర్చుకోరేమోనండి..."

"తప్పు నాదమ్మా. మీ పిల్లకి ఏ లోటూ లేదు. నలుగురు కొట్టుకుంటే సర్దిచెప్పే పిల్ల అది."

వీరవేణి గడప మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అంతలోనే నవ్వేసింది. "సర్దిచెప్పుద్దండీ. నన్ను కూడా తిడద్ది!"

థీసిస్ 1983లో పాసయింది. అంతకు మూడేళ్ళ ముందే జగదాంబ ఊళ్ళోవాళ్ళని అడిగి, చంటిపిల్లల కోసం బాల్వాడీలో తాటాకు చాపలు పరిపించి, ఒక ముసలమ్మని కాపలా కూర్చోబెట్టింది. 1980 జూన్‌లో నూకరత్నం చంకలో తమ్ముడు లేకుండా, పలకొక్కటి పట్టుకుని ఒకటో తరగతికి వెళ్ళింది.