కొఠారు గదిలో ఆకాశవాసం

మా ముత్తాతగారు సంస్థానానికి దివాను. తాతగారు ఠాణేదారు, ఆయన పల్లకీ ఎదురైతే సంతకు వెళ్ళేవాళ్ళు దారి దిగి నిలబడేవారు. నాన్నగారు సంస్థానం దఫ్తరుకు అధికారి. ముగ్గురిదీ ఒకటే కట్టుబాటు. పెద్దవారు లోపల ఉండి తలుపు వేసుకుంటే, వారు పిలిచేదాకా ఆ తలుపును ఎవరూ ముట్టుకోకూడదు. సంస్థానం పోయింది, దఫ్తరు పోయింది. సెమిలిగుడ దగ్గరి ఇల్లూ, ఆ కట్టుబాటూ మిగిలాయి.

మనిషి చేసిన చంద్రుడొకటి ఆకాశంలో తిరుగుతున్నదని పేపర్లో వచ్చిన ఏడాది నాన్నగారు పుస్తకం మొదలుపెట్టారు. భూమి చుట్టూ తిరిగే ఇనప ఇంట్లో ఒక కుటుంబం కాపురం, అదీ కథ. అందులో రాక్షసులు లేరు, యుద్ధాలు లేవు. స్నానం చేసిన నీళ్ళు మళ్ళీ తాగేందుకు ఎలా వస్తాయి, మలమూత్రాలు ఎరువై పాదులకు ఎలా చేరతాయి, రోజుకు పది పదిహేనుసార్లు పొద్దు పొడిచే చోట సంధ్య ఏ వేళ వార్చాలి, ఇలాంటి సంగతులే. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఆయన చిత్తుప్రతికి శుద్ధప్రతి నేను రాసేదాన్ని.

"అక్కడా నేనే వండాలేటి?" అని అమ్మ అడిగింది.

"పొయ్యి ఉండదు. పొగ పనికిరాదు."

"అయితే రేపే పోదాం పదండి."

తాను ఉండి చూడనిది రాస్తే కట్టుకథ అవుతుందని నాన్నగారి పట్టు. ధాన్యం లేక ఖాళీగా పడివున్న కొఠారు గదిని దానికి ఎంచుకున్నారు. చిన్న గది. కప్పులో ఒక అద్దం పెంకు, ధాన్యం పోయడానికి పైన ఒక రంధ్రం, ఒక టేకు తలుపు. లోపల తొట్లలో ఎరువు నింపి తోటకూర, బచ్చలి పెంచారు. ఆకులు గాలిని బాగుచేస్తాయనీ, బయటి గాలి చొరకుండా మూయించుకుని మూడు రోజులు ఉంటాననీ అన్నారు. గంటగంటకూ లోపలినుంచి తలుపు మీద మూడుసార్లు తట్టాలని ఏర్పాటు.

కొఠారు చూసే ముసలివాడు తాతగారి నాటి మనిషి. రంధ్రానికి మూత వేసి మట్టి మెత్తుతూ అన్నాడు: "బాబూ, ధాన్యం పాతర తీసినపుడు ముందు దీపం దింపి సూస్తాం గదండి. దీపం ఆరితే మనిషి దిగడు. మరి ఇక్కడో?"

"ఇది పాతర కాదురా, ఆకాశం."

"ఆకాశవైతే మూతెందుకండీ?"

నాన్నగారు నవ్వి లోపలికి వెళ్ళారు. ముసలివాడు తలుపు సందులకు కూడా బయటినుంచి మట్టి మెత్తాడు.

అది ఆషాఢం. ఆ రోజే ముసురు పట్టింది. అద్దం పెంకు బూడిదరంగుకు తిరిగింది. మర్నాడు పొద్దున తట్టాక, తలనొప్పిగా ఉందన్నారు. "కాఫీ లేక! తలుపు తీయండి, ఇస్తాను" అని అమ్మ గ్లాసు పట్టుకుని ఊరించింది. మధ్యాహ్నం తట్టాక ఆయన గొంతు మెల్లగా, ముద్దగా వినిపించింది. "హాయిగా ఉందమ్మీ. చాలా హాయిగా ఉంది."

తర్వాతి గంటకు తట్టలేదు. ఆపై గంటకూ తట్టలేదు.

"తలుపు ఊడగొట్టేద్దాం, సిన్నమ్మగోరూ" అన్నాడు ముసలివాడు.

"నాన్నగారు పిలవలేదు."

"పిలవలేకపోతేనో?"

"మా ఇంట్లో పిలవకుండా తలుపు తీసినవాడు లేడు."

ఆ మాట నేనే అన్నాను, వీపు నిటారుగా పెట్టి. అమ్మ నావైపే చూసింది. "నువ్వే సెప్పు అమ్మీ. ఆ పుస్తకం రాసింది నువ్వు గదా" అంది.

మరో గంట గడిచింది. చివరికి పైరంధ్రం తీయనిచ్చాను. అది తలుపు కాదు గనక కట్టుబాటు చెడదని నా లెక్క. ముసలివాడు నిచ్చెన ఎక్కి, మట్టి గీకి, మూత లాగి, తాడు కట్టిన దీపాన్ని దింపాడు. నేను అతని వెనకే ఎక్కి చూశాను. తొట్ల ఎత్తుదాకా దీపం వెలిగింది. ఇంకో మూర దిగేసరికి మంట పొట్టిదైంది, వంగింది, ఆరిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. మూడో అధ్యాయంలో, నా చేత్తో నేను దిద్దిరాసిన వాక్యాలు: గాలి చెడితే ముందు తలనొప్పి, తర్వాత మత్తు. మత్తులో ఉన్నవాడు హాయిగా ఉందనే అంటాడు. అతని మాట నమ్మకూడదు.

ముసలివాడు గునపంతో తలుపు ఊడదీశాడు. నాన్నగారు తొట్ల మధ్య ఒరిగిపోయి ఉన్నారు. ఊపిరి ఆడుతోంది. ఆకులు వాలిపోయాయి. తొట్టి పట్టుకుంటే వెచ్చగా తగిలింది.

కొరాపుట్ నుంచి వచ్చిన డాక్టరు, ముసురులో వెలుతురు చాలక ఆకులు గాలిని బాగుచేయలేదనీ, కుళ్ళుతున్న ఎరువు మాత్రం మనిషితో పోటీపడి గాలిని తినేసిందనీ చెప్పాడు. రెండు గంటల ముందు తీసి ఉంటే, అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేశాడు.

నాన్నగారు ఆ తర్వాత మూడేళ్ళు బతికారు. అక్షరాలు పోల్చుకోలేకపోయేవారు. ఆయన ఉన్న గది తలుపు గాలికి మూసుకుపోతే, ఎవరో ఒకరు వచ్చి తీసేదాకా దానివైపే చూస్తూ కూర్చునేవారు. ఒక్కసారీ పిలవలేదు. అందుకని ఇంట్లో ఏ తలుపూ మూసేవాళ్ళం కాదు. మూడు తరాల కట్టుబాటును నేనే ఎత్తేశాను.

ఆయన పోయిన వేసవిలో కొఠారు గది టేకు తలుపును, గునపం గాట్లతో సహా, రాయగడ షావుకారు ఒకాయన బియ్యం గిడ్డంగికని కొని లారీలో తీసుకుపోయాడు.