సుంకులమ్మ దాచిన వాతలు

ఆస్పరి పత్తి చేలల్లో సుంకులమ్మ ముందు వరసలో ఉందంటే వెనకవాళ్లకు తిట్లు తప్పవు. యాభై నాలుగేళ్ల మనిషి. చెయ్యీ ఆగదు, నోరూ ఆగదు. అట్లాంటిదానికి కుడి మోకాలు అరిగిపోయింది. కూతురు శోభ చెయ్యి పట్టుకుని పెరట్లోకి పోవాల్సి వచ్చిన రోజు, ఇక మంచాన పడతానేమోనని నిజంగా భయపడింది.

కర్నూలులో ఒక ఆసుపత్రి పరిశోధన కింద కొత్త వైద్యం చేస్తోంది. పొట్ట దగ్గరి కొవ్వు కాస్త తీసి, అందులోని మూలకణాలను మూడు వారాలు పెంచి, సూదితో మోకాలి కీలులోకి ఎక్కిస్తారు.

"తగ్గుతుందని మాట ఇవ్వను. ప్రయత్నిద్దాం" అన్నాడు డాక్టరు. "మోకాలి మీద పుండు లేకుండా చూసుకో. సూది వెంట చీము లోపలికి పోతే కాలికే ముప్పు."

"నా కడుపులో కొవ్వు యాడుంది సామీ?" అని నవ్వింది సుంకులమ్మ. ఉన్నదే తీశారు.

ఇంటికొచ్చాక ఆ నవ్వు పోయింది. తన ఒంట్లోది ఎక్కడో సీసాలో పెరుగుతోందని తలుచుకుంటే ముద్ద దిగేది కాదు. అది చచ్చిపోతే? బతికినా పని చెయ్యకపోతే?

ఆ భయంతోనే, సూదికి నాలుగు రోజుల ముందు అన్న సోమప్ప దగ్గరికి పోయింది. కుంటే ఎద్దులకు కాల్చి వాతలు పెట్టడంలో ఆయనకు పేరుంది. రెండు వైద్యాల్లో ఒకటైనా పట్టదా అనుకుంది పిచ్చిది. సోమప్ప కొడవలి మొన ఎర్రగా కాల్చి మోకాలి మీద రెండు వాతలు పెట్టాడు. సుంకులమ్మ ఆ సంగతి శోభకు చెప్పలేదు.

సూది రోజున నర్సు చీర పైకి తియ్యమంటే సుంకులమ్మ అంచు గట్టిగా పట్టుకుంది.

"సిగ్గేందిమా?" అని విసుక్కుంది శోభ.

"సిగ్గు కాదే. బయం."

తనే తీసి చూపించింది. బొబ్బలు చితికి చీము పట్టాయి. డాక్టరు సూది పక్కన పెట్టేశాడు.

"నావి సచ్చిపోతాయా సామీ?"

"ఆ కణాలను గడ్డకట్టించి దాస్తాం. కరిగించాక ఎన్ని బతుకుతాయో చూడాలి. ముందు ఈ పుండు మానాలి."

తల్లీకూతుళ్లు బస్సు దిగి ఇల్లు చేరారు. ఇంటి అరుగు మీద సోమప్ప కాచుకుని ఉన్నాడు.

"సూది ఏసినారామ్మా?"

"నీ వాతలు సూసి ఏయలేదు."

"నా సేతిలో ఎన్ని ఎద్దులు నడిసినాయో ఊరంతా ఎరుగు!"

"నడవనివాటిని సంతకు తోలినావు గదన్నా" అంది సుంకులమ్మ. "నన్ను యాడికి తోలుతావు?"