ఆర్డిత్ అనని ఆఖరి మాట

మా నాటక కంపెనీలో ఒక పట్టింపు ఉండేది. నాటకంలోని ఆఖరి మాటని రిహార్సల్లో పైకి అనకూడదు. అంటే ఆట మునుగుతుందని నమ్మకం. అక్కడికి రాగానే "ఉప్పు, మిరియాలు" అనేసి తప్పుకోవాలి. అసలు మాట జనం ముందే. ఇరవై రెండేళ్ళు ఆ కంపెనీలో బట్టలు కుట్టినదాన్ని, ఇలాంటివి చాలా చూశాను, వెక్కిరించాను కూడా. దీని మీద మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్ళుమంట.

ఆర్డిత్ కూంబ్స్ పుట్టింది ఒహాయోలోని జేన్స్‌విల్‌లో. తండ్రి పడవ పనిలో ఉండగానే పోయాడు. తల్లి టబిత, హోటల్లో దిగే నటుల బట్టలు ఉతికేది. ఇస్త్రీ చొక్కాలు థియేటర్ వెనక గుమ్మంలో ఇచ్చి రమ్మంటే, ఈ పిల్ల తెర పక్కనే నిలబడిపోయి నాటకాలన్నీ కంఠతా పట్టేసింది. పదిహేడో ఏట మాతో రైలెక్కింది. "వాళ్ళ మురికి ఉతికి నిన్ను పెంచాను. నువ్వు ఆ మురికిలోకే పోతానంటావా? పో. నీ ఆట చూడ్డానికి మాత్రం నేను రాను," అందట టబిత.

టీ పళ్ళెం మోసే వేషాలతో మొదలుపెట్టి, తొమ్మిదేళ్ళలో మంచి నటి అయింది. కానీ ఎవరితోనూ కలిసేది కాదు. ఆదివారం ప్రయాణాల్లో మేమంతా పేకాడుతుంటే, తను కిటికీ పక్కన తల్లికి ఉత్తరం రాసుకునేది. జవాబు ఒక్కటీ రాలేదు. ఒక క్రిస్మస్ నాడు అద్దె గదిలో రేకు డబ్బాలోంచి చిక్కుడు గింజలు ఒక్కతే తింటోంది. భోజనానికి పిలిస్తే "ఆకలి లేదక్కా" అంది, చెంచా చేతిలో ఉండగానే. దానికి కావలసింది ఒక్కటే, అమ్మ ఒక్కసారి వచ్చి చూడాలి.

1911 వసంతంలో జేన్స్‌విల్‌లో రెండు రోజుల ఆట పడింది. ఇల్లు విడిచి, తిరిగొచ్చిన కూతురి వేషం ఆర్డిత్‌ది. ఆఖరి మాట తనదే. టికెట్ల కిటికీ దగ్గర తల్లి పేరున పాస్ పెట్టించింది. మొదటి రోజు మధ్యాహ్నం ఆట అయ్యాక వెళ్ళి చూస్తే పాస్ అలాగే ఉంది. ముఖం మాడ్చుకుని నిలబడితే నేనే వాళ్ళమ్మ ఇంటికి లాక్కెళ్ళాను.

టబిత ఇస్త్రీ చేస్తోంది. తలెత్తకుండానే, "ముక్కుతో మాట్లాడ్డం ఇంకా మానలేదు నువ్వు," అంది.

"చూశావా అమ్మా?" అంది ఆర్డిత్.

"పై గ్యాలరీలోంచి. నా టికెట్ నేనే కొనుక్కున్నాను. నీ దయ నాకెందుకు?" ఇస్త్రీపెట్టె పొయ్యి మీద పెట్టి, అప్పుడు చూసింది కూతురి వంక. "ఈ చొక్కాలు త్వరగా ఇవ్వాలని చివర్లో లేచొచ్చేశాను. ఆ పిల్ల గుమ్మంలో నిలబడింది కదా, వాళ్ళమ్మతో ఏమంటుంది?"

మా తిక్క ఆర్డిత్ నవ్వింది.

"జనం లేకుండా ఆ మాట అనకూడదమ్మా, అరిష్టం. రేపు రా, విందువు గాని."

"చూద్దాంలే," అని దగ్గుతూ మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది.

దారి పొడుగునా దులిపేశాను. "రిహార్సల్లో అనకూడదన్నారు గానీ, కన్నతల్లితో అనకూడదన్నారటే?"

"రేపు వస్తుంది కదక్కా," అంది.

మర్నాడు టబిత రాలేదు. ఆట అవగానే సామాను సర్దుకుని రైలెక్కాం. మూడు వారాలకు తంతి వచ్చింది. దగ్గు న్యుమోనియాలోకి దిగింది, పూడ్చడం కూడా అయిపోయింది.

ఆ రోజు ఆట ఆపలేదు. మావాళ్ళు ఆపరు. ఆర్డిత్ చివరి ఘట్టంలో గుమ్మం దగ్గర నిలబడింది. తెర దించేవాడు ఆ మాట కోసం తాడు పట్టుకుని చూస్తున్నాడు. ఎంతకీ అనదు. చివరికి పెదవులు కదిలాయి.

"ఉప్పు, మిరియాలు," అంది.

జనం పగలబడి నవ్వారు.

ఆ తర్వాత పాతికేళ్ళు పెద్ద పెద్ద ఊళ్ళలో ఆడింది. ఆఖరి మాట ఉన్న వేషం మాత్రం ఎంత మంచిదైనా కట్టలేదు. పెళ్ళాడలేదు. అద్దె గదుల్లోనే జుట్టు నెరిసింది.

ఒకసారి జేన్స్‌విల్ మీదుగా పోతూ రైలు దిగి, టబిత సమాధి దగ్గరికి వెళ్ళాను. నేను కుట్టుపనిదాన్ని, నాకే అరిష్టమూ లేదు. "దీపం ఆర్పకమ్మా, వచ్చేశాను," అన్నాను పైకే. అడిగావుగా టబితా, ఇదీ ఆ మాట. ఆర్డిత్‌కు ఈ సంగతి నేను చెప్పలేదు.